ఇంటి ముచ్చట్లు: కంటిలోని లెన్సు, చేతిలోని పని

నిరుడు శ్రావణమాసంలో మన పత్రిక అందిన నాలుగో రోజున మా చాళీ రెండో అంతస్తు పెద్దమ్మ ఆ సంచికను చేతబట్టుకుని వచ్చి మా గడప మీద కూర్చున్నది. "ఏం బిడ్డా, అక్షరాలు గింత చిన్నగ ఎందుకేస్తున్నరు? వత్తులు కనవడ్తలేవు. పా ఏదో, వా ఏదో తెలుస్తలేదు" అని నిలదీసింది. అక్షరాలు చిన్నవి కాలేదు. పెద్దమ్మ కళ్ళలో శుక్లాలు పెరిగాయి. ఇక్కడి మాటలో చెప్పాలంటే మోతీబిందు ముదిరింది.

అదే వారంలో మా బావగారు కూడా అదే సంగతి మోసుకువచ్చారు. ఎదురు చాళీలో జాకెట్లు కుట్టే వదినెది కూడా అదే కథ. ముగ్గురూ అడిగినది ఒకటే ప్రశ్న: "ఆపరేషను సరే, లోపల ఏ లెన్సు వేయించుకోవాలె? మామూలుదా, ఖరీదుదా?" కళ్ళజోడుతో పనిలేకుండా దూరమూ దగ్గరా రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్సు వున్నదని ముగ్గురూ విన్నారు. ఆ ముగ్గురికీ ఏమయిందో ఏడాది పాటు దగ్గరగా వుండి చూశాను. మన కుటుంబాలలో ఇంకా ఎందరి ఇళ్ళలోనో ఇదే ఆలోచన నడుస్తున్నది గనుక, ఈ నెల ముచ్చట దాని మీదనే.

మనవాళ్ళకు కన్ను అంటే కూలి. 18వ శతాబ్దం చివరి నుంచి తెలంగాణా పల్లెల నుంచి వచ్చిన కామాఠీలు ఈ నగరానికి రాళ్ళు మోశారు, సున్నం కలిపారు, గోడలు లేపారు. వారి పేరనే ఈ పేటకు కామాఠీపురా అన్న పేరు నిలిచింది. తరువాతి తరాలవారు వర్లీ, పరేల్ మిల్లులలో తెగిన నూలుపోగులు అతికారు. ఆడవాళ్ళు గదిలో కూర్చుని బీడీలు చుట్టారు. ఏ పని చూసినా కన్ను మసకబారితే ఆనాటి సంపాదనకు గండి పడినట్లే. మా చిన్నప్పుడు శుక్లం తీయించుకున్న తాతలు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని గాలరీలో గోడ పట్టుకుని నడిచేవారు. ఆ రోజులలో మసకబారిన సహజ కటకాన్ని తీసివేసి, దాని బదులు ముక్కు మీద దళసరి అద్దం పెట్టేవారు. ఆ అద్దంలో ప్రతి వస్తువూ సుమారు నాలుగో వంతు పెద్దదిగా కనబడేది. మెట్టు ఒకచోట వుంటే కాలు ఇంకొకచోట పడేది.

ఆ బాధ తీర్చిన ఆలోచన లండనులో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం అద్దం పగిలి, ఆ ముక్కలు కొందరు వైమానికుల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ పెర్‌స్పెక్సు ముక్కలు ఏళ్ళ తరబడి కంటిలో వున్నా కన్ను వాటిని తిప్పికొట్టకపోవటం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించాడు. అయితే ఆ పదార్థంతోనే కటకం చేసి కంటిలో పెట్టవచ్చు గదా అనుకుని 1949 నవంబరు 29న సెంట్ థామస్ ఆసుపత్రిలో పెట్టాడు. తోటి వైద్యులు చాలా ఏళ్ళు ఆయనను తప్పుపట్టారు. తుదకు 2000లో ఇంగ్లండు ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. మన దేశంలో 1992లో మదురైలో అరోలాబ్ సంస్థ ఈ లెన్సులు తయారుచేయటం మొదలుపెట్టి, విదేశీ ధరలో చిన్న భాగానికే అందించింది. బీదవారి కంటిలోకి లెన్సు రావటానికి ఇదొక పెద్ద కారణం.

ఈ సందర్భంలో మన తెలుగువారు ఒక పేరు తలుచుకోవాలి. ఏలూరు దగ్గరి పల్లె నుంచి పనికోసం బొంబాయి వచ్చి, ఫిలిం కంపెనీలో చిన్న చిన్న పనులు చేసి, 1931లో 'ఆలం ఆరా'లోనూ, ఆ తరువాత తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ వేషం వేసిన కుర్రవాడే ఎల్.వి. ప్రసాద్ గారు. ఆయన ఇచ్చిన స్థలంతో, విరాళంతో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో 1987లో కంటి ఆసుపత్రి ప్రారంభించారు. డబ్బు ఇవ్వలేనివారికి అక్కడ ఉచితంగా వైద్యం జరుగుతుంది. ఈ నగరపు వీధులలో పొట్ట చేతబట్టుకుని తిరిగినవాని పేరు ఈనాడు కంటి చూపుకు మారుపేరయింది.

ఇక లెన్సు సంగతికి వద్దాం. పుట్టుకతో వచ్చిన కటకం మెత్తగా వుండి, దూరం చూస్తే పలచబడి, దగ్గర చూస్తే ఉబ్బి, ఎక్కడికక్కడ సర్దుకుంటుంది. నలభై దాటేసరికి ఆ సర్దుబాటు సన్నగిల్లుతుంది. అదే చత్వారం. ఆపరేషనులో పెట్టే మామూలు లెన్సుకు ఈ సర్దుబాటు లేదు. ఒకే దూరానికి స్పష్టంగా చూపిస్తుంది. సాధారణంగా దూరానికి పెడతారు, చదువుకు అద్దాలు ఇస్తారు. దీనిని మోనోఫోకల్ అంటారు. ప్రభుత్వ ఆసుపత్రులలో సామాన్యంగా వేసేది ఇదే.

మల్టీఫోకల్ లెన్సు తీరు వేరు. చాలా రకాలలో దాని ముఖం మీద గ్రామఫోను రికార్డు గీతలలాగా సన్నని వలయాలు వుంటాయి. లోపలికి వచ్చే వెలుగును అవి పంచుతాయి. సుమారు సగం దూరపు చూపుకు, మిగిలినది దగ్గరకు, కొత్త రకాలలో మధ్య దూరానికి కూడా. కొంత వెలుగు ఏ పనికీ రాకుండా చెదిరిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ మొదటి మల్టీఫోకల్ లెన్సును 1997లో, మూడు దూరాల లెన్సును 2019లో ఆమోదించింది.

ఒక పొరపాటు చాలామందికి వున్నది. బైఫోకల్ కళ్ళజోడులో పై భాగంలోనుంచి దూరం, కింది భాగంలోనుంచి దగ్గర చూస్తాం గదా, ఇదీ అంతే అనుకుంటారు. కాదు. లోపలి లెన్సులో అన్ని దూరాల బొమ్మలూ ఒకేసారి కంటి తెర మీద పడతాయి. కావలసినదానిని మెదడు ఏరుకోవాలి. చాళీ గాలరీలో మూడు ఇళ్ళ టీవీలు ఒక్కసారే మోగుతుంటే మన ఇంటి మాటలు మనం వినటంలేదా? అలాగన్నమాట. కొందరికి ఆ ఏరుకోవటం వారాలలో అలవాటవుతుంది, కొందరికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కొద్దిమందికి ఎప్పటికీ సరిగా కుదరదు. రాత్రిపూట చీకటిలో ఒక్క దీపాన్ని చూస్తే, దాని స్పష్టమయిన బొమ్మ చుట్టూ దగ్గరి చూపు తాలూకు చెదిరిన బొమ్మ ఒక వలయంగా కనబడుతుంది. ఇది లెన్సులోని లోపం కాదు, లెన్సు పనిచేసే తీరే అది.

ఇప్పుడు మా బావగారి సంగతి. మిల్లు కార్మికుని కొడుకు. 1982 జనవరిలో మొదలయిన సమ్మెలో తండ్రి కొలువు పోయింది. పెద్దవాడయ్యాక ఈయన టాక్సీ బిళ్ళ తీసుకున్నాడు. ముప్ఫయి ఏళ్ళుగా రాత్రి పాళీ. ట్రాఫిక్కు తక్కువ, రాబడి ఎక్కువ. ఎడమ కంటికి శుక్లం వచ్చినప్పుడు ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఆయనను అడిగినవి వయసు, ఇన్సూరెన్సు, ఎంత పెట్టగలరు అన్నవి. ఏం పని చేస్తారు అని అడిగినవారు లేరు. "అంకుల్, ఇది వేయించుకుంటే కళ్ళజోడు అక్కర్లేదు" అన్నారు. భిషీలో వచ్చిన ఎనభై వేలు, కూతురు పెళ్ళికని దాచినవి, ఒక్క కంటికి పెట్టాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. వారం తరువాత పరీక్షలో దూరపు పట్టిక చివరి వరుసలు కూడా చదివాడు, చేతిలోని చిన్న అక్షరాలూ చదివాడు. కాగితం మీద ఇంతకంటే మంచి ఫలితం వుండదు. పదో రోజున రాత్రి బండి తీశాడు. నాగ్‌పాడా నాకా దగ్గర ఎర్ర దీపం చుట్టూ ఒక చక్రం, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు చుట్టూ మరొక చక్రం. మరీన్ డ్రైవుకు చేరేసరికి వాన పట్టుకున్నది. అక్కడి దీపాల వరుసను రాణిగారి కంఠహారం అంటారు గదా, ఆ రాత్రి ఆయనకు ప్రతి ముత్యం చుట్టూ ఇంకో ముత్యాల దండ కనబడింది. రోడ్డు దాటుతున్న మనిషిని చాలా దగ్గరకు వచ్చేదాకా గుర్తుపట్టలేదు. బ్రేకు పడింది గనుక సరిపోయింది. వెనక కూర్చున్న ప్రయాణీకుణ్ణి అక్కడే దింపి, డబ్బు తీసుకోకుండా, బండి ఒక పక్కకు ఆపి నాకు ఫోను చేశాడు. "నా కన్ను మంచిగైందన్నరు. మరి నాకెందుకు భయమైతున్నది?" అన్నాడు. ఆయన గొంతులో వణుకు విన్నది నేను అదే మొదటిసారి.

మరునాడు తాళంచెవి దేవుని పటం దగ్గర పెట్టేశాడు. ఇల్లు గడవాలి గదా? నెల రోజులు అక్క ముఖంలో నవ్వు లేదు. నేనే ఆయనను వెంటబెట్టుకుని ఒక ధర్మాసుపత్రి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ ఓపికగా చూసి, లెన్సు సరయిన స్థానంలోనే వున్నదని, కన్ను పొడిబారివుంటే చూపు ఇంకా చెదురుతుందని, మిగిలిన కొద్దిపాటి దోషానికి రాత్రికి అద్దం పెట్టుకోవచ్చునని చెప్పి చుక్కలమందు రాసింది. మూడు నాలుగు నెలలు ఆగమన్నది. లెన్సు తీసి మార్చటం సాధ్యమేగాని, మొదటి ఆపరేషను కంటే అది కష్టమయినది, చివరి మార్గంగానే చూడాలన్నది. ఒక హెచ్చరిక కూడా చేసింది. ఆపరేషను అయిన నెలలకో ఏళ్ళకో లెన్సు వెనక పొర మసకబారటం మామూలే, దానిని యాగ్ లేసరుతో కొద్ది నిమిషాలలో తెరుస్తారు. కాని లెన్సు మార్చవలసిన అవకాశం వున్నవారు ఆ లేసరుకు తొందరపడకూడదు, పొర తెరిచిన తరువాత లెన్సు మార్చటం మరింత చిక్కు అవుతుంది.

నాలుగు నెలలకు వలయాలు తగ్గాయి, పోలేదు. కుడి కంటికి ఆపరేషను వచ్చినప్పుడు డాక్టరమ్మ సలహా మీద దూరానికి మామూలు లెన్సు వేయించుకున్నాడు. ఇప్పుడు పగటి పాళీ తోలుతున్నాడు, రాత్రి పాళీ భాగస్తునికి ఇచ్చాడు. రాబడి తగ్గింది. పెళ్ళి ఒక ఏడు వెనక్కు జరిగింది.

ఇది చదివి ఖరీదు లెన్సు చెడ్డదని తీర్మానించకండి. ఎదురు చాళీ వదినె కథ వినండి. ఆమె రెండు కళ్ళకూ మల్టీఫోకలే వేయించుకున్నది. కిటికీ పక్కన, పట్టపగటి వెలుగులో కుట్టుమిషను. సూదిలో దారం ఎక్కించాలి, గుడ్డ మీద గీత చూడాలి, గోడ మీది గడియారం చూడాలి, ఫోనులో కొలతలు చదవాలి. అన్నీ కళ్ళజోడు లేకుండా జరిగిపోతున్నాయి. కళ్ళజోడు తీస్తూ పెడుతూ విసిగిపోయిన మనిషి, సంతోషంతో పొంగిపోతున్నది. "రాత్రి దీపాల చుట్టు చక్రాలు కనవడ్తయా వదినె?" అని అడిగాను. "కనవడ్తయి. కనవడితె కనవడనీ, నేను రాత్రి యాడికి పోత?" అన్నది. ఇద్దరూ వేయించుకున్నది ఒకే తరహా లెన్సు, ఇద్దరి కళ్ళకూ పట్టికలో వచ్చిన మార్కులూ ఇంచుమించు ఒకటే. ఒకరికి వరమయినది ఇంకొకరికి బరువయింది.

పెద్ద లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2016లో కోక్రేన్ సంస్థవారు 20 పరిశోధనలలోని 2,230 మంది ఫలితాలను కలిపి చూశారు. దూరపు చూపు రెండు రకాల లెన్సులతోనూ సుమారు సమానమే. మల్టీఫోకల్ వారికి కళ్ళజోడు మీద ఆధారపడటం మూడో వంతుకు పైగా తగ్గింది. కాని దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయన్నవారు వారిలో మూడు రెట్లకు మించి వున్నారు. ఛాయాభేదం, అంటే నలుపు నుంచి బూడిదరంగును వేరుచేసి చూసే శక్తి కూడా వారికి కొంత తక్కువగా వుండవచ్చు. వెలుగును పంచితే ప్రతి వాటాకు తగ్గుతుంది గదా! మన పది పన్నెండడుగుల గదులలో, ఒక్క దీపం కింద, వత్తులూ గుడులూ కొమ్ములూ నిండిన తెలుగు అక్షరాలు చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆసుపత్రి పట్టిక తెల్లగా వెలుగుతూ, నల్లని పెద్ద అక్షరాలతో వుంటుంది. మన గది అలా వుండదు.

మూడో కథ పెద్దమ్మది. ఆమెకు పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు. కంటి తెర మీద దాని మచ్చలు వున్నాయి. అటువంటివారికి, నీటికాసులు వున్నవారికి, కంటి తెర మధ్యభాగం దెబ్బతిన్నవారికి మల్టీఫోకల్ సాధారణంగా సలహా ఇవ్వరు. ఉన్న చూపునే పంచుకోవలసి వస్తుంది గనుక. సర్కారు ఆసుపత్రిలో మామూలు లెన్సే వేస్తామన్నారు. అప్పుడు పెద్దమ్మ ఒక మాట అడిగింది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి, తన చూపు ఎక్కడ కావాలో ఆమెకు తెలుసు. "సారూ, నాకు దూరమెందుకు? నేను గదిల కూసునే దాన్ని. పూలు గుచ్చాలె, బియ్యంల రాళ్ళేరాలె, పుస్తకం చదవాలె. రోడ్డు మీదికి పోతె అద్దాలు పెట్టుకుంట" అన్నది. డాక్టరు నవ్వి, అలాగే చేయవచ్చునన్నాడు. లెన్సు శక్తిని కొలిచేటప్పుడు దూరానికి బదులు చేతి దూరానికి లెక్క కట్టారు. మామూలు లెన్సే, అదనంగా ఒక్క పైసా లేదు. ఆపరేషనుకు ముందే అడిగింది గనుక ఆ లెక్క సాధ్యమయింది.

ఈ మూడు కథల సారం ఒక్కటే. లెన్సు మంచిదా కాదా అని అడిగేముందు, నేను రోజంతా ఏమి చూస్తాను, ఎంత దూరంలో, ఎంత వెలుగులో చూస్తాను అని ఎవరికి వారు ఆలోచించుకోవాలి. డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి. రాత్రి బండి నడుపుతానని, సన్నపని చేస్తానని, మసక గదిలో చదువుతానని. పనిలో చూసే వస్తువులు, ఒక సూది, ఒక చిన్న అక్షరాల తెలుగు పత్రిక, వెంట తీసుకువెళ్ళి చూపించటంలో నామోషీ లేదు. మల్టీఫోకల్ వేయమంటే, కంటి తెర పరీక్ష అయిందా, కన్ను పొడిగా వున్నదా, వంకర చూపుకు దిద్దుబాటు కావాలా, వలయాలు కనబడితే మీరు ఏమి చేస్తారు, అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇన్సూరెన్సు ఎంతవరకు ఇస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండు కళ్ళకూ ఒకేసారి మాట ఇవ్వకండి. మొదటి కన్ను ఎలా వున్నదో చూసి రెండోదాని సంగతి నిర్ణయించుకోవచ్చు. ముఖ్యంగా, ఖరీదు లెన్సు వేయించలేకపోయామే అని పిల్లలు కుములవద్దు, తల్లిదండ్రులు చిన్నబోవద్దు. చదువుకు అద్దాలు పెట్టుకోవటం ఓటమి కాదు. శుక్లం పోయి, దీపం దీపంలా కనబడటమే అసలు గెలుపు.

మొన్న పెద్దమ్మ మళ్ళీ వచ్చి మా గడప మీద కూర్చున్నది. కళ్ళజోడు లేదు. పోయిన నెల సంచిక తెరిచి, నా శీర్షికలోనే ఒక చోట వేలు పెట్టి, "బిడ్డా, గీడ వత్తు తప్పేసినవు" అన్నది. చూస్తే నిజమే. ఇకమీదట ప్రూఫులు పెద్దమ్మకే చూపిస్తానని మాట ఇచ్చాను.

వచ్చే నెల చక్కెర జబ్బు వున్నవారు ఏడాదికొకసారి కంటి తెర ఎందుకు చూపించుకోవాలో ముచ్చటించుకుందాం.